మే నుంచి జులై దాకా ఒక గది కావాలి

జర్మనీలో విద్యార్థుల గదులకి అద్దె అన్నిటికంటే ఎక్కువ ఉండే ఊరు మ్యూనిక్. నాకు ఇంటర్న్‌షిప్ సరిగ్గా అక్కడే వచ్చింది. 2024 వేసవి, బీటెక్ మూడో ఏడాది అయిపోతుండగా, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ గార్షింగ్ క్యాంపస్‌లో ఒక ల్యాబ్. స్కాలర్‌షిప్ డీఏఏడీ అనే జర్మన్ సంస్థ వాళ్ల 'వైజ్', సైన్స్, ఇంజనీరింగ్ విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌ల కోసం ఇచ్చేది. అప్పుడు నెలకి వెయ్యి యూరోల లోపు ఇచ్చేవాళ్లు, విమానం ఖర్చుకి విడిగా కొంత ఇచ్చేవాళ్లు. ఉండే చోటు మాత్రం మనమే వెతుక్కోవాలి. మ్యూనిక్‌లో నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక్క గదికే సగటున 700 యూరోలు దాటుతుంది. ఇక తిండికీ తిరగడానికీ మిగిలేదెంతో లెక్క వేయక్కర్లేదు.

నాన్నకి తెనాలిలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. ఏదైనా రూపాయల్లోకి మార్చి చూడటం ఆయనకి అలవాటు. "అరవై మూడు వేలా? ఒక్క గదికా? అందులో ఏసీ ఉంటుందా?" అన్నారు. ఏసీ ఉండదని చెప్పాను. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

వెతకడం మొదలుపెట్టాక అసలు ఇబ్బంది అద్దె కన్నా ముందే ఉందని తెలిసింది. మనకి సెలవులు మే, జూన్, జులై. జర్మనీలో అప్పుడు సెమిస్టర్ జోరు మీద ఉంటుంది. ఆ ఏడు నేను వెళ్లే యూనివర్సిటీలో వేసవి సెమిస్టర్ క్లాసులు ఏప్రిల్ 15 నుంచి జులై 19 దాకా. వాళ్ల పిల్లలు ఊళ్లకి పోయి గదులు ఖాళీగా ఉంచేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఏ సైటు తెరిచినా ఆగస్టు 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఇస్తామనే ప్రకటనలు కుప్పలుగా ఉన్నాయి. మే నుంచి జులై దాకా ఇచ్చేవాళ్లు అరుదు. సెమిస్టర్ మధ్యలో ఏదో పని మీద ఊరు విడిచి పోయే వాళ్లెవరా అని ఆలోచించాను. వేరే ఊళ్లో ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లు, బయట దేశంలో థీసిస్ రాసుకునేవాళ్లు, ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్‌కి వెళ్లేవాళ్లు. అంటే నాలాంటి వాళ్లే. నేను వెతకాల్సింది ఇంటి ఓనర్లని కాదు, నాలాగే సూట్‌కేసు సర్దుకుంటున్న ఇంకో స్టూడెంట్‌ని.

అలా మధ్యలో కొన్ని నెలలకి గది అప్పగించి వెళ్లడాన్ని అక్కడ ట్స్విషెన్‌మీటె అంటారు. కలిసి ఉండే ఫ్లాట్‌ని 'వేగే' అంటారు. ఈ రెండు మాటలూ తెలిస్తే చాలు, ప్రకటనల్లో సగం అర్థమవుతుంది. ఇంకో జత మాటలు డబ్బుకి సంబంధించినవి. కాల్ట్‌మీటె అంటే ఉత్త గది అద్దె, వార్మ్‌మీటె అంటే హీటింగూ నీళ్లూ వగైరా ఖర్చులు కలిపిన అద్దె. కొన్ని చోట్ల కరెంటూ ఇంటర్నెట్టూ వార్మ్‌లో కూడా ఉండవు, విడిగా అడగాలి. 380 అని చూసి సంబరపడితే చివరికి 470 అయ్యే గదులుంటాయి.

గదుల కోసం అక్కడి స్టూడెంట్లు ఎక్కువగా వాడేది వేగే-గెజూఖ్ట్ అనే సైటు. ఊరు, తేదీలు, గరిష్ఠ అద్దె పెట్టి చూసుకోవచ్చు, 'కొంతకాలానికి మాత్రమే' అనే ఫిల్టర్ కూడా ఉంటుంది. విద్యార్థి సేవా సంస్థ, దాన్ని ష్టూడీరెండెన్‌వెర్క్ అంటారు, నడిపే హాస్టళ్లు చవకే. కానీ అక్కడ చేరిన విద్యార్థులే సెమిస్టర్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉంటారు, మూడు నెలల చుట్టానికి నేరుగా గది దొరికే మాట లేదు. మూడు నెలలకైనా ఇస్తామనే ప్రైవేటు స్టూడియోలు ఉన్నాయి. అద్దె చూసి ట్యాబ్ మూసేశాను.

మా కాలేజీ సీనియర్ల ద్వారా గార్షింగ్‌లోనే పీహెచ్‌డీ చేస్తున్న ఒక అక్క నంబరు దొరికింది. ఖమ్మం వాళ్లు. నా ల్యాబ్ కాదు, నన్నెప్పుడూ చూడలేదు. అయినా మెసేజ్ పెట్టిన సాయంత్రమే ఫోన్ చేసింది. పంపడానికి రాసి పెట్టుకున్న మెసేజ్ చదివి వినిపించమంది. నేను ఫలానా కాలేజీ, నా సీజీపీఏ ఇంత, ప్రతిష్ఠాత్మకమైన స్కాలర్‌షిప్ వచ్చింది, దయచేసి మీ గది ఇప్పించగలరు అని మూడు పేరాలు. అక్క మధ్యలోనే ఆపేసింది.

"ఇది ప్రొఫెసర్‌కి రాసే ఉత్తరం రా. నీ సీజీపీఏ వాళ్లకెందుకు? వాళ్ల మంచం, పుస్తకాలు, గిన్నెలు అన్నీ నీకు వదిలేసి పోతున్నారు. నువ్వు ఎట్లాంటి మనిషివో తెలియాలి. ఇంకోటి, తేదీలేవీ? తేదీలు మొదటి లైన్లో ఉండాలి."

తర్వాత ఫోన్లోనే ఇద్దరం కలిసి కొత్తది రాశాం. మొదటి లైన్లో మే 6 నుంచి జులై 26, అటూ ఇటూ కొన్ని రోజులు సర్దుకోగలను అని. తర్వాత ఏ ల్యాబ్, ఏం పని. సిగరెట్ తాగను, పెంపుడు జంతువులు లేవు, అమ్మాయిల హాస్టల్‌లో మూడేళ్లుగా ఇద్దరితో కలిసి ఒకే గదిలో ఉంటున్నాను కాబట్టి సర్దుకోవడం తెలుసు అని. ఆ చివరి ముక్క అక్కకి బాగా నచ్చింది. వీడియో కాల్‌కి ఎప్పుడైనా రెడీ, గ్యారంటీగా యూనివర్సిటీ లెటర్ పంపగలను అని ముగింపు. పైన నాలుగు లైన్లు జర్మన్‌లో అక్క రాసిచ్చింది, మిగతాది ఇంగ్లిష్. దాన్నే అందరికీ అచ్చుగుద్ది పంపకూడదంది. ప్రతి ప్రకటనలోంచి ఏదో ఒక విషయం పట్టుకొని ఒక వాక్యం చేర్చాలి. కొంతమంది ప్రకటన మధ్యలో ఒక షరతు దాస్తారు. ఇక్కడిదాకా చదివినట్టయితే మీ మెసేజ్‌ని ఒక కూరగాయ పేరుతో మొదలుపెట్టండి, ఇలా. పైపైన చూసి పంపేవాళ్లని ఏరేయడానికన్నమాట. నేను 'బెండకాయ' అని మొదలుపెట్టాను. ఆ గది రాలేదు, బెండకాయ అంటే ఏంటని మాత్రం అడిగారు.

చాలా మెసేజ్‌లకి జవాబే రాదు. అది మన మీద కోపం కాదు, ఒక్కో ప్రకటనకి వందమంది రాస్తారు. ప్రకటన పడిన గంటలోపు రాస్తే చదివే అవకాశం ఉంటుంది. అందుకని కొత్త ప్రకటన రాగానే ఫోన్ మోగేలా పెట్టుకున్నాను. వాళ్లు సాయంత్రం పనులయ్యాక ప్రకటనలు పెడతారు, మనకప్పుడు అర్ధరాత్రి. మార్చి చివరి ఆదివారం దాకా మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా, ఆ తర్వాత వాళ్లు గడియారం ముందుకి జరుపుతారు కాబట్టి మూడున్నర. ఫోన్ మోగినప్పుడల్లా మా రూమ్మేట్లు దుప్పటి ముసుగులోంచే తిట్టేవాళ్లు.

మధ్యలో ఒక గది ఎదురొచ్చింది. ష్వాబింగ్‌లో, యూనివర్సిటీ పాత క్యాంపస్‌కి దగ్గర్లో, బాల్కనీతో సహా సొంత స్టూడియో, అన్నీ కలిపి 450. ఆ ఏరియాలో ఆ అద్దెకి స్టూడియో ఉండదని నాకప్పటికే తెలుసు. అయినా రాసి చూశాను. ఓనరమ్మ నుంచి పెద్ద జవాబు. తను ఉద్యోగం మీద వేరే దేశంలో ఉన్నారట. ఇల్లు చూపించడానికి రాలేరు కాబట్టి తాళాలు కొరియర్‌లో పంపిస్తారట. ముందు రెండు నెలల అడ్వాన్సు, నా పాస్‌పోర్ట్ కాపీ పంపాలట. నచ్చకపోతే డబ్బు వెనక్కి. అక్కకి ఫొటోలు పంపించాను. "గోడ మీద ప్లగ్గు చూడు" అంది. జర్మనీలో ప్లగ్గు సాకెట్ గుండ్రంగా, లోపలికి గుంటలా ఉంటుంది. ఫొటోలో ఉన్నది నిలువు చీలికలు రెండున్న అమెరికా సాకెట్. ఎక్కడిదో హోటల్ ఫొటో తెచ్చి పెట్టారు. ఫొటోని ఇంటర్నెట్‌లో రివర్స్ సెర్చ్ చేస్తే వేరే ఊళ్ల పేర్లతో అదే గది కనిపించింది.

పాస్‌పోర్ట్ కాపీ గురించి కూడా ఒక మాట. నిజమైన వాళ్లు కూడా అడుగుతారు, తప్పేం లేదు. కానీ వీడియో కాల్ అయ్యాక, ఒప్పందం దగ్గరికొచ్చాక. పంపేటప్పుడు దాని మీద అడ్డంగా 'ఫలానా గది అద్దె కోసం మాత్రమే' అని తేదీతో రాసి పంపాలి.

ఇప్పుడు ఒక కిటుకు. జర్మనీలో ఇల్లు మారితే రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఆ నమోదుకి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం ఉండాలి. డిగ్రీ చదవడానికి వచ్చేవాళ్లకి ఇది లేకపోతే వీసా పొడిగింపు దగ్గర్నుంచి అన్నీ ఆగిపోతాయి. కాబట్టి 'ఆన్‌మెల్డుంగ్ కుదరదు' అని ఉన్న ప్రకటనని వాళ్లు ముట్టుకోరు. కానీ విదేశాల్లో నివాసముండి మూడు నెలల లోపు మాత్రమే జర్మనీలో ఉండి వెళ్లిపోయేవాళ్లకి ఈ నమోదు నుంచి చట్టంలోనే మినహాయింపు ఉంది. నేను అదే కోవ. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడిగితే మీకు అక్కర్లేదనే చెప్పారు. అంటే ఇతరులు వదిలేసిన గదులకి నేను ధైర్యంగా రాయొచ్చు. అక్కడ పోటీ సగానికి సగం తగ్గింది, జవాబులు రావడం మొదలైంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆన్‌మెల్డుంగ్ ఎందుకు కుదరదంటున్నారు? కొన్నిసార్లు, గదిలో ఉన్న మనిషి తన ఓనర్‌కి చెప్పకుండా ఇంకొకరికి ఇచ్చేస్తున్నారు కాబట్టి. అద్దెకున్నవాళ్లు మళ్లీ అద్దెకివ్వాలంటే ఓనర్ అనుమతి ఉండాలి. అనుమతి లేకుండా దిగితే ఏ రోజైనా బయటకి పొమ్మనొచ్చు. అందుకని ప్రతి కాల్‌లోనూ నేను అడిగే మొదటి ప్రశ్న, మీ ఓనర్‌కి తెలుసా? తెలిసిన వాళ్లు వెంటనే చెప్పేవాళ్లు. నీళ్లు నమిలిన వాళ్లకి నమస్కారం పెట్టేశాను.

ఊరు అంటే మ్యూనిక్ ఒక్కటే కానక్కర్లేదని కూడా అక్కే చెప్పింది. గార్షింగ్ మ్యూనిక్‌కి ఉత్తరాన ఉంటుంది. యూ6 అనే మెట్రో లైను చివరి స్టేషనే మా క్యాంపస్, ఊరి నడిబొడ్డు నుంచి దాదాపు అరగంట. అప్పట్లో డాయిష్‌లాండ్ టికెట్ నెలకి 49 యూరోలు. దాంతో దేశమంతా లోకల్ రైళ్లు, మెట్రో, బస్సులు అన్నీ ఎక్కొచ్చు. దూరం వెళ్లినా టికెట్ ఖర్చు పెరగదు కాబట్టి ఫ్రైజింగ్, ఇస్మానింగ్, ఎర్డింగ్, ఆఖరికి లాండ్స్‌హూట్ దాకా మ్యాప్ తెరిచి చూశాను. అక్కడ అద్దెలు వంద, నూటయాభై తక్కువ. రోజూ రెండు గంటలు రైల్లో గడపడానికి సిద్ధమైతే చాలు. ఆ టికెట్ చందా లాంటిది, మానేయాలంటే ఆ నెల 10వ తేదీలోపు చెప్పాలి. జులై 10 దాటితే ఆగస్టు డబ్బు కూడా పోతుంది. ఇది కూడా మూడు నెలల మనుషులు మర్చిపోకూడని తేదీ.

మామూలు ఏడాది అయితే కథ ఇంతటితో తేలిగ్గానే ముగిసేదేమో. కానీ 2024లో యూరప్ దేశాల 'యూరో' ఫుట్‌బాల్ పోటీలు జర్మనీలో. జూన్ 14న మొదటి మ్యాచ్ జర్మనీకీ స్కాట్లాండ్‌కీ మ్యూనిక్‌లోనే, సెమీఫైనల్ సహా మొత్తం ఆరు మ్యాచ్‌లు అక్కడ. ఆ స్టేడియం ఉండేది ఫ్రోట్‌మానింగ్‌లో. అది ఎక్కడుందనుకున్నారు, అదే యూ6 లైను మీద, నా క్యాంపస్ దారిలో. దాంతో ఆ లైను పక్కన గదులున్న వాళ్లలో కొందరు నెలకి ఇవ్వడం మానేసి జూన్ రాత్రుల్ని విడివిడిగా అమ్ముకుందామని చూశారు. ఒకబ్బాయి నాకు దాదాపు ఖాయం చేసి, జూన్ 12 నుంచి 20 దాకా మాత్రం వేరే చోటు చూసుకోగలవా అని అడిగాడు. ఆ తొమ్మిది రోజులకీ టూరిస్టులు దిగే హాస్టల్‌లో బెడ్డు ధర చూశాను. మొత్తం నెల అద్దె కన్నా ఎక్కువ. వద్దని చెప్పాను.

నాకు గది దొరికింది చివరికి ఒక స్టూడెంట్ హాస్టల్‌లో. ప్రభుత్వ సంస్థది కాదు, చర్చి వాళ్లు నడిపేది. మ్యూనిక్‌లో అలాంటివి చాలా ఉన్నాయి. ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయి, హాంబుర్గ్‌లో ఒక ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తోంది. మే 15 నుంచి జులై 24 దాకా గది ఖాళీ. నెలకి 390, కరెంటూ ఇంటర్నెట్టూ అన్నీ అందులోనే. డిపాజిట్ 400. తన గది ఇంకొకరికి ఇవ్వాలంటే హాస్టల్ మేనేజర్ ఒప్పుకోవాలి, వచ్చేవాళ్లు ఎక్కడో ఒకచోట విద్యార్థి అయి ఉండాలి. మా కాలేజీ బోనఫైడ్ సర్టిఫికెట్ సరిపోతుందా అని అడిగితే సరిపోతుందన్నారట. మనం స్కాలర్‌షిప్ ఫారాలకి తప్ప ఎందుకూ పనికిరాదనుకునే ఆ కాగితం నాకు మ్యూనిక్‌లో గది ఇప్పించింది.

వీడియో కాల్ అక్కడ రాత్రి ఎనిమిదికి, మా హాస్టల్ కారిడార్‌లో పదకొండున్నరకి. గంటసేపు మాట్లాడుకున్నాం. అందులో గది గురించి మాట్లాడింది పది నిమిషాలే. మా హాస్టల్ మెస్ గురించి, తను చేసే బిల్డింగు మోడల్స్ గురించి, ఉక్కపోత గురించి. కిటికీ దగ్గర తన మొక్కలు చూపించి వీటికి నీళ్లు పోస్తావా అంది. మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో పెరిగినదాన్ని, అడగాలా అన్నాను. తర్వాత నేను అమ్మ అడగమన్న ప్రశ్న అడిగాను.

అమ్మతో అంతకు ముందురోజే ఒక విచారణ జరిగింది.

"ఆ ఫ్లోర్లో అబ్బాయిలు కూడా ఉంటారా?"

"ఉంటారమ్మా. ఎవరి గది వాళ్లది. వంటిల్లు మాత్రం అందరికీ ఒకటే."

"బాత్రూమో?"

"గదిలోనే చిన్నది ఉంది."

"తలుపుకి గడియ సరిగ్గా ఉందో లేదో చూపించమను. నువ్వు అడక్కపోతే నేనే అడుగుతా, ఫోన్ నాకివ్వు."

నేను సిగ్గుపడుతూనే అడిగాను. ఆ అమ్మాయి ఏమాత్రం నవ్వకుండా ఫోన్ పట్టుకొని తలుపు దాకా వెళ్లి, తాళం రెండుసార్లు తిప్పి, హ్యాండిల్ గుంజి చూపించింది. వాళ్లమ్మ కూడా హాంబుర్గ్ గది గురించి ఇదే అడిగిందట. ఆ వీడియో స్క్రీన్ రికార్డింగ్ అమ్మకి పంపించాను. విచారణ ముగిసింది.

ఒప్పందం రెండు పేజీలు. ఇద్దరి పేర్లు, చిరునామాలు, తేదీలు, అద్దె ఏ రోజు ఇవ్వాలి, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, గదిలో ఏమేం వస్తువులున్నాయి, హాస్టల్ మేనేజర్ అనుమతి ఉందన్న వాక్యం. అడ్వాన్సు విషయంలో అక్కడ చట్టం ఒక గీత గీసింది. మూడు నెలల కాల్ట్‌మీటె కన్నా ఎక్కువ డిపాజిట్ అడగకూడదు. ఇలా కొంతకాలానికి ఇచ్చేవాళ్లు ఒక నెల అద్దె మేర అడగడం మామూలు. అంతకన్నా బాగా ఎక్కువ అడిగితే ఎందుకని అడగాలి.

డబ్బు పంపడం ఒక ప్రహసనం. నాన్న తన బ్యాంకు బ్రాంచికి వెళ్లి 400 యూరోలు జర్మనీకి పంపాలన్నారు. కౌంటర్లో ఉన్నాయన విదేశాలకి డబ్బు పంపడానికి నింపాల్సిన ఏ2 ఫారం ఇచ్చారు, పాన్ కార్డు అడిగారు, ఎందుకు పంపుతున్నారో రాయమన్నారు. అద్దె డిపాజిట్ అని రాస్తే ఎవరి అద్దె, అమ్మాయి ఇంకా ఇండియాలోనే ఉంది కదా అన్నారు. ఆయన తప్పు కూడా లేదు, ఆ బ్రాంచిలో బహుశా అలాంటిది ఎవరూ అడిగి ఉండరు. పైగా మధ్యలో బ్యాంకులు తమ చార్జీ కోసుకుంటే అవతల చేరేది 400 కన్నా తక్కువ అవుతుంది, ఆ తేడా మళ్లీ పంపడం ఇంకో తలనొప్పి. నాన్న రెండోసారి వెళ్దామనుకుంటుండగా అక్క, నేను కట్టేస్తా, నువ్వొచ్చాక యూరోలు ఇవ్వు అంది. జర్మనీ లోపల ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి పంపడానికి ఖర్చూ లేదు, ఫారమూ లేదు. నాన్న మాత్రం ఫోన్లో అక్కకి అన్నిసార్లు థాంక్స్ చెప్పారు, ఆఖరికి ఆవిడే, అంకుల్ ఇక చాలు అంది.

ఈ కాగితాలన్నీ వీసాకి కూడా కావాలి. నేనుండేది 90 రోజుల లోపే కాబట్టి నాది యూరప్ దేశాల్లో కొద్దికాలం ఉండటానికి ఇచ్చే షెంగెన్ వీసా, దానికి ఎక్కడ ఉంటామో రుజువు చూపించాలి. ఇక్కడ చాలామంది ఇరుక్కుంటారు. గది ఇచ్చేవాళ్లు వీసా వచ్చిందా అంటారు, వీసా వాళ్లు గది ఏది అంటారు. నేను గది ఇచ్చే అమ్మాయికి స్కాలర్‌షిప్ లెటరూ ప్రొఫెసర్ ఆహ్వాన పత్రమూ చూపించాను, వీసా రాకపోతే డిపాజిట్‌లో ఎంత వెనక్కి ఇస్తారో ఒప్పందంలోనే రాయించాను. సగం అన్నది, ఒప్పుకున్నాను. హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్‌కి వెళ్లేసరికి రెండు కాగితాలు చేతిలో ఉన్నాయి. మే 15 నుంచి ఉండే ఒప్పందం, అంతకు ముందు రోజులకి అక్క ఇచ్చిన లెటరు.

ఆ ముందు రోజుల సంగతి. ల్యాబ్ మొదలయ్యేది మే 6న, గది వచ్చేది 15న. తేదీలు పూర్తిగా కలిసే గది కోసం ఎదురుచూస్తే ఏదీ రాదు. మొదట్లో ఒక వారం, చివర్లో రెండు మూడు రోజులు గ్యాప్ ఉన్నా మధ్యలో గట్టి గది ఉంటే తీసేసుకోవాలి, ఇది నా అభిప్రాయం. అక్క ఫ్లాట్‌లో ఇంకో గది అమ్మాయి వియన్నాకి వెళ్లింది. నెల అద్దెని రోజులకి పంచి రాత్రికి 15 యూరోల లెక్కన నన్ను ఉండనిచ్చింది. నేను దిగింది ఆదివారం. బవేరియాలో ఆదివారం షాపులన్నీ మూసేస్తారు, మామూలు రోజుల్లో కూడా రాత్రి 8కి కట్టేస్తారు. ఆ వారంలో గురువారం కూడా సెలవే, ఏదో పండగ. అక్క అన్నం వండి పెట్టకపోతే దిగిన రాత్రి రైల్వే స్టేషన్‌లో బ్రెడ్డు కొనుక్కోవాల్సి వచ్చేది.

15న గది తాళాలు ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి హాంబుర్గ్ రైలు టైమైపోతున్నా తొందరపడలేదు. ఇద్దరం కలిసి గోడలు, టేబులు, పరుపు, ఫ్రిజ్ అర అన్నీ ఫొటోలు తీసుకున్నాం. టేబుల్ మీద కత్తి గాట్లు ముందే ఉన్నాయని కాగితంలో రాశాం. తాళం గురించి మాత్రం గట్టిగా చెప్పింది. అక్కడ ఒకే తాళం చెవి గదికీ, మెయిన్ గేటుకీ, లాండ్రీకీ పనిచేస్తుంది. అది పోగొడితే ఒక్క తాళం మారిస్తే సరిపోదు, మొత్తం బిల్డింగు తాళాలన్నీ మార్చాల్సి రావచ్చు, ఆ బిల్లు వేలల్లో ఉంటుంది. నా ఇన్సూరెన్స్‌లో తాళం చెవి పోయినా కవర్ అవుతుందో లేదో అదే రోజు చూసుకోమంది. నేను దాన్ని తాడుకట్టి మెళ్లో వేసుకున్నాను. ల్యాబ్‌లో అందరూ నవ్వారు. నవ్వనీ.

హాస్టల్ జీవితం గురించి ఎక్కువ చెప్పను. ఫ్లోర్‌కి ఒక వంటిల్లు, ఎవరి అర వాళ్లది, గోడ మీద శుభ్రం చేసే వంతుల పట్టిక. చెత్త కాగితానికి వేరు, ప్లాస్టిక్‌కి వేరు, తడి చెత్తకి వేరు, గాజు సీసాలు రోడ్డు చివర పెద్ద డబ్బాలో వేయాలి, అదీ ఆదివారం చప్పుడు చేస్తూ వేయకూడదు. రాత్రి పది దాటితే గట్టిగా మాట్లాడకూడదు. పోపు విషయం ఒక్కటి చెప్పాలి. వంటింటి సీలింగ్‌లో పొగ పసిగట్టే అలారం ఉంటుంది, అది మోగి ఫైర్ ఇంజన్ వస్తే ఖర్చు మన నెత్తినే పడొచ్చు. ఎండుమిర్చి వేసే ముందు కిటికీ బార్లా తెరిచి, తలుపు మూసి, మూకుడు చేతిలో పట్టుకొని నిలబడేదాన్ని. పక్క గది ఇటలీ అబ్బాయి దగ్గుతూ వచ్చి, ఇది ఎలా చేయాలి అని అడిగాడు. తర్వాత పప్పు రోజుల్లో తన గిన్నె కూడా నా అరలో కనిపించేది.

జూన్ 14 సాయంత్రం ల్యాబ్ నుంచి వెనక్కి వస్తుంటే యూ6లో స్కాట్లాండ్ గౌన్లు కట్టుకున్న పెద్దమనుషులు నిలబడి పాడుతున్నారు. ఆ రోజు జర్మనీ అయిదు గోల్స్ వేసింది. రాత్రి పది నిబంధన ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు.

జులై 24 ఎందుకు అని ఒప్పందం రాసినప్పుడు అడగలేదు, అడిగుంటే ముందే తెలిసేది. జులై 27, 28 తేదీల్లో మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియంలో టేలర్ స్విఫ్ట్ కచేరీలు. ఆ అమ్మాయికి టికెట్ ఉంది. అందుకని హాంబుర్గ్ నుంచి ముందే తిరిగి వస్తోంది. నాకు ఫ్లైట్ 26 రాత్రి. ఆ రెండు రాత్రులకి హాస్టల్ బెడ్డు ధర చూస్తే జూన్ ఫుట్‌బాల్ రేట్లే నయమనిపించింది. మళ్లీ అక్క ఫ్లాటే. ఈసారి ఆవిడ గదిలోనే నేల మీద పరుపు వేసుకున్నాను, డబ్బు తీసుకోలేదు. కందిపొడి డబ్బా మొత్తం అక్కడే వదిలేసి వచ్చాను.

గది అప్పగించేటప్పుడు మొదటి రోజు ఫొటోలు పక్కన పెట్టుకొని చూశాం. ఒక గాజు గ్లాసు పగిలింది, నేనే కొత్తది కొని పెట్టాను. మొక్కల్లో ఒకటి కొంచెం వాడింది, మిగతావి తను వదిలి వెళ్లినప్పటి కన్నా పెద్దవయ్యాయి. డిపాజిట్ 400 అక్క అకౌంట్‌కి ఆ రోజే వెనక్కి వేసేసింది. అద్దె మేలో సగం నెల, జూన్, జులై 24 దాకా కలిపి దాదాపు 885. మొదటి రోజులకి అక్క ఫ్లాట్‌మేట్‌కి ఇచ్చింది కలుపుకుంటే వసతికి మొత్తం వెయ్యి యూరోలు కాస్త దాటింది. నాన్న దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకొని, "పర్లేదు" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం పెద్ద విషయం.

మా జూనియర్ ఒకమ్మాయికి తర్వాతి ఏడాది అదే క్యాంపస్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చింది. గది ఏమైనా చూపించు అక్కా అని ఫోన్ చేసింది. వెంటనే ఆ ఆర్కిటెక్చర్ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. తనూ సంతోషంగా జవాబిచ్చింది, ఈసారి కూడా గది ఇస్తాను, మంచి మనిషి అయితే చాలు అని. ఆగస్టు నుంచి సెప్టెంబరు దాకానట.

జూనియర్‌కి నా పాత మెసేజ్ పంపించి, తేదీలు మొదటి లైన్లో పెట్టమని చెప్పాను.